రంగు చివర, కీళ్లు ముందు

ముందు చక్రానికే కాదు, వెనక చక్రానికి కూడా షాకబ్జర్ ఉన్న 1990ల నాటి మౌంటెన్ బైక్ చేతికొస్తే చాలామంది ముందుగా ఆలోచించేది రంగు గురించి. గీతలు ఎలా పోగొట్టాలి, స్టిక్కర్లు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి, చైన్ ఎలా మెరిపించాలి అని. మామూలు పాత సైకిల్‌కైతే ఆ వరసలో వెళ్లినా నష్టం లేదు. ఈ రకం సైకిల్‌కు మాత్రం అది పనికిరాదు. దీని ఫ్రేమ్ ఒకటే ముక్క కాదు. రెండో మూడో నాలుగో ముక్కలు కీళ్ల దగ్గర కలిసి, మధ్యలో ఒక షాకబ్జర్ మీద ఆధారపడి నిలబడతాయి. ఆ కీళ్లు అరిగిపోయి, ఆ షాకబ్జర్ కొలతకు సరిపడేది ఇంకొకటి దొరక్కపోతే, ఎంత మెరిపించినా అది గోడకు తగిలించుకునే వస్తువే. అందుకే ఈ పని లోపలి నుంచి బయటికి జరగాలి.

ఈ సైకిళ్లు ఇంత వింతగా ఎందుకు ఉంటాయో తెలిస్తే మరమ్మతు సగం అర్థమైనట్టే. 1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, టమల్‌పైస్ కొండ చుట్టుపక్కల, కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్ల మీద మట్టి దారుల్లో దూకుడుగా దిగేవారు. 1976లో అక్కడ పందేలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది జో బ్రీజ్ ఆ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేములు చేశాడు. అప్పటికి సస్పెన్షన్ ఊసే లేదు. కుదుపును మోకాళ్లూ మోచేతులే భరించాలి. మార్పు తెచ్చింది మోటారు సైకిళ్ల లోకం నుంచి వచ్చినవాళ్లు. అలా వచ్చిన పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ కంపెనీ పెట్టాడు. 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన తొలి అధికారిక ప్రపంచ పోటీల్లో డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ ఆ కంపెనీ ఫోర్కులను మొదట పరీక్షించినవాళ్లలో ఒకడు. ముందు చక్రానికి స్ప్రింగు వచ్చాక, వెనక చక్రం సంగతేమిటన్న ప్రశ్న రాక తప్పలేదు.

దానికి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. మౌంటెన్ సైకిల్ కంపెనీ శాన్ ఆండ్రియాస్, కానన్‌డేల్ సూపర్ వి, జీటీ ఎల్‌టీఎస్, ట్రెక్ వై సైకిళ్లు అన్నీ పదేళ్లలోపు వచ్చాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. కీలు లోపల కూర్చునే చిన్న గొట్టం, అంటే బుష్, ఒకరిది మరొకరికి పట్టదు. ఒకే కంపెనీలో ఈ ఏడాది వాడిన షాకబ్జర్ వచ్చే ఏడాది సైకిల్‌కు పట్టకపోవచ్చు. ఆ కాలపు ఉత్సాహాన్ని నేను ఇష్టపడేది ఇందుకే. ఈరోజు రిపేరు కష్టమైంది కూడా ఇందుకే.

జవాబులు ఎన్ని ఉన్నా మూలంలో మూడు పద్ధతులు. మొదటిది ఒకే కీలు. వెనక చక్రాన్ని పట్టుకున్న స్వింగార్మ్ ఒక్కచోట ఫ్రేమ్‌కు తగులుకుని, ఆ బిందువు చుట్టూ వృత్తంలో ఊగుతుంది. మోటారు సైకిల్ స్వింగార్మ్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. సులువు, గట్టి. కానీ పెడల్ తొక్కినప్పుడల్లా చైన్ లాగుడు స్వింగార్మ్‌ను కదిపి, సైకిల్ ఎక్కి దిగినట్టు ఊగుతుంది.

రెండోది యూఆర్‌టీ. ఇందులో పెడల్ క్రాంకులు తిరిగే బీబీ గూడును కూడా స్వింగార్మ్ మీదే పెట్టేశారు. చైన్ రెండు చివరలూ ఒకే ముక్క మీద ఉంటాయి కాబట్టి చైన్ లాగుడు ఇక సస్పెన్షన్‌ను తాకదు. 1995 నాటి ట్రెక్ వై సైకిళ్లు ఈ కోవవే. చిక్కు మరోచోట వచ్చింది. సీటు మీద కూర్చుంటే బరువు ఫ్రేమ్ మీద పడి సస్పెన్షన్ చక్కగా పనిచేస్తుంది. పెడళ్ల మీద లేచి నిలబడితే బరువంతా స్వింగార్మ్ మీదికే పోయి సస్పెన్షన్ దాదాపు బిగుసుకుపోతుంది. వాలు దారిలో దిగేటప్పుడు ఎవరైనా నిలబడే దిగుతారు, సస్పెన్షన్ కావలసింది కూడా అప్పుడే. ఇలాంటి సైకిల్ బాగుచేస్తూ, వెనక గట్టిగా ఉందని మెత్తటి స్ప్రింగు వేసి లాభం లేదు. అది స్ప్రింగు లోపం కాదు, డిజైన్ స్వభావం. దాన్ని అలాగే ఉంచి నడపడమే ఆ సైకిల్‌కు న్యాయం.

మూడోది నాలుగు కడ్డీల పద్ధతి. ఆస్ట్రియాలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన హోర్స్ట్ లైట్నర్ మోటోక్రాస్ మనిషి. వెనక ఇరుసుకు కొంచెం ముందు, చైన్‌కు సమాంతరంగా పోయే కింది గొట్టం మీద అదనంగా ఒక కీలు పెట్టాడు. దాంతో ఇరుసు నేరుగా ఫ్రేమ్‌కు తగులుకున్న ముక్క మీద ఉండదు. చక్రం ఏ దారిలో పైకి లేవాలో, బ్రేకు వేసినప్పుడు సస్పెన్షన్ ఎంత బిగుసుకోవాలో డిజైన్ చేసేవాడి చేతికి వచ్చింది. స్పెషలైజ్డ్ కంపెనీ ఆ కీలు పేటెంటు తీసుకుని ఎఫ్‌ఎస్‌ఆర్ సైకిళ్లు చేసింది. అమెరికాలో ఆ పేటెంటు గడువు 2010లలో తీరాక మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పటి ఖరీదైన సైకిళ్లలోనూ ఆ కీలు కనబడుతుంది. పాతదాన్ని బాగుచేసేవాడికి మాత్రం దీని అర్థం ఒక్కటే: కీళ్లు ఎక్కువ, కాబట్టి అరిగే చోట్లు కూడా ఎక్కువే.

మీ చేతిలో ఉన్నది ఏ సంవత్సరానిదో తెలుసుకోవడం మొదటి పని, ఎందుకంటే కొలతలన్నీ దాన్ని బట్టే. ఫ్రేమ్ నంబరు బీబీ గూడు అడుగున ఉంటుంది, కానీ చాలా కంపెనీల నంబర్లకు పట్టికలు దొరకవు. అంతకంటే సులువైన దారి షిమానో సామాన్లు. క్రాంకు లోపలి వైపు, గేరు మార్చే డిరైలర్ వెనకవైపు రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. ‘ఎ’ అంటే 1976. అక్కడి నుంచి ఏడాదికి ఒక అక్షరం చొప్పున లెక్కపెడితే ఇరవయ్యో అక్షరమైన ‘టి’ దగ్గరికి 1995 వస్తుంది. నెలల్లో ‘సి’ మార్చి. అంటే ‘టిసి’ అని ఉంటే ఆ ముక్క 1995 మార్చిలో తయారైంది. క్రాంకు, డిరైలర్, హబ్బులు మూడింటి అక్షరాలూ దగ్గర దగ్గరగా ఉంటే సైకిల్ పెద్దగా చేతులు మారకుండా, ముక్కలు మారకుండా వచ్చిందని అర్థం. ఒకటి మాత్రం ఐదేళ్లు ఎడంగా ఉంటే, అది తర్వాత వేసిందే.

ఇక ఫ్రేమ్. ఆ కాలపు సైకిళ్లలో ఎక్కువ భాగం అల్యూమినియంవి. ఉక్కుకు ఒక సుగుణం ఉంది: ఒక హద్దు లోపల ఎన్నిసార్లు వంచి వదిలినా అలసిపోదు. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు. ప్రతి కుదుపూ లోపల ఎక్కడో జమ అవుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్లు అలా జమ అయినదాన్ని వెతకడం మన పని. హ్యాండిల్ తిరిగే హెడ్ ట్యూబు కింద, సీటు రాడ్డు బిగించే చోట, షాకబ్జర్ తగులుకునే చెవుల దగ్గర, స్వింగార్మ్ వెల్డింగుల అంచుల్లో చూడాలి. మట్టి కడిగి ఆరబెట్టాక, ఒక దూది ఉండను ఆ అంచుల మీద మెల్లగా నడిపితే పగులు ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. రంగు మాత్రమే బీటలు వారిందా, లోహం కూడానా అని అనుమానం వస్తే వెల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరికే ఎర్రరంగు డై పెనెట్రెంట్ చల్లి చూడొచ్చు. తుడిచేసి తెల్లటి డెవలపర్ కొట్టాక ఎర్రగీత పైకి వస్తే అది లోహంలో పగులే. అల్యూమినియం ఫ్రేమ్‌కు పగులు ఉంటే అక్కడితో ఆపేయడం మంచిది. మళ్లీ వెల్డింగ్ చేస్తే ఆ చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది, ఫ్యాక్టరీలో చేసిన హీట్ ట్రీట్‌మెంట్ తిరిగి ఇస్తే తప్ప ఆ బలం రాదు. ట్రెక్ వై లాంటి కార్బన్ ఫ్రేములకు వేరే పరీక్ష: నాణెంతో తట్టుకుంటూ పోతే టకటకమనే శబ్దం ఎక్కడైనా మందగించిందంటే లోపల పొరలు విడిపోయాయని అనుమానించాలి.

సీటు రాడ్డు ఇరుక్కుపోవడం దాదాపు ప్రతి పాత సైకిల్‌లోనూ ఉండే జబ్బు. గ్రీజు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే రాడ్డుకూ గొట్టానికీ మధ్య తెల్లటి తుప్పు పేరుకుని రెండూ ఒకటైపోతాయి. పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రోజుల తరబడి నాననివ్వాలి. తర్వాత రాడ్డును బెంచి వైసులో బిగించి ఫ్రేమ్‌నే తిప్పుతారు. ఈ రకం సైకిల్‌లో తిప్పేటప్పుడు చేయి స్వింగార్మ్ మీద వేయొద్దు. ఆ బలమంతా కీళ్ల మీద పడి, ఉన్నవి కూడా పోతాయి. రాడ్డును కరిగించడానికి కాస్టిక్ సోడా వాడే పద్ధతి ఒకటుంది. అది ఉక్కు ఫ్రేములకే. అల్యూమినియం ఫ్రేమ్‌లో పోస్తే రాడ్డుతో పాటు ఫ్రేమూ కరిగిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కీళ్ల పరిస్థితి తెలియాలంటే పనిముట్లు అక్కర్లేదు. ఒక చేత్తో సీటు పట్టుకుని సైకిల్‌ను అర అంగుళం లేపి దించండి. చిన్న ‘టక్’ వినిపిస్తే రెండో చేతి వేలు షాకబ్జర్ చెవి మీద, ఫ్రేమ్‌నూ చెవినీ కలిపి తాకేలా ఉంచి మళ్లీ చేయండి. రెండు ముక్కల మధ్య కదలిక వేలికి తెలిసిపోతుంది. పైకీ కిందికీ ఉండే లూజు ఎక్కువగా షాకబ్జర్ చెవుల్లో ఉండే బుష్‌ది. అది చౌక, మార్చడం తేలిక. వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపినప్పుడు కదలిక వస్తే అది హబ్బుదో కీలుదో తేల్చుకోవాలి. వేలు ఫ్రేమ్‌కూ స్వింగార్మ్‌కూ మధ్య పెట్టి చూస్తే అదీ తేలిపోతుంది. షాకబ్జర్ తీసేసి స్వింగార్మ్‌ను చేత్తో పైకి కిందికి ఆడించడం మూడో పరీక్ష. నూనెలో కదిలినట్టు పోవాలి. ఇసుక మీద కదిలినట్టో, మధ్యలో పట్టేసినట్టో ఉంటే బేరింగు పోయింది.

కీళ్లలో రెండు రకాలు. బాల్ బేరింగులైతే అదృష్టమే. వాటి పక్కనే 6900, 6901, 608 లాంటి అంకెలు ముద్రించి ఉంటాయి. ఆ అంకెలకు ప్రపంచమంతా ఒకటే అర్థం. 6901 అంటే లోపల 12, బయట 24, మందం 6 మిల్లీమీటర్లు, ఏ దేశంలో కొన్నా అంతే. మోటారు సైకిల్ చక్రాల బేరింగులు అమ్మే షాపువాడు ఆ అంకె వినగానే తెచ్చి ఇస్తాడు, లేదా తెప్పిస్తాడు. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది అడగాలి. ఒక విషయం గుర్తుంచుకోవాలి: చక్రంలో బేరింగు గిర్రున తిరుగుతుంది, కీలులో కొద్ది డిగ్రీలే అటూ ఇటూ ఊగుతుంది. గుండ్లు ఎప్పుడూ అదే చోట రాసుకుని గుంటలు చేస్తాయి. అందుకే గుండ్లను ఎడంగా ఉంచే పంజరం లేకుండా, నిండా గుండ్లు కూర్చిన బేరింగులు కీళ్లకు మేలు.

తీసేటప్పుడూ వేసేటప్పుడూ సుత్తి వాడకూడదు. పొడవాటి బోల్టు, రెండు నట్లు, తగిన సైజు సాకెట్లు, వాషర్లు ఉంటే చాలు. బోల్టు బిగిస్తూ పోతే బేరింగు తిన్నగా గూట్లోకి దిగుతుంది. నొక్కే సాకెట్ బయటి రింగు మీదే ఆనాలి. లోపలి రింగు మీద ఆనితే ఆ ఒత్తిడి గుండ్ల మీదుగా పోయి, కొత్త బేరింగు బిగించకముందే పాడవుతుంది.

బుష్‌లు ఉంటే కథ వేరు. కంపెనీ మూతపడి ఉంటుంది, లేదా ఆ ముక్క చేయడం మానేసి ఉంటుంది. అమెరికాలో, బ్రిటన్‌లో ఇలాంటివి చేయించుకోవడానికి చిన్న మెషిన్ షాపులు వెతుక్కుంటారు. ఈ ఒక్క విషయంలో మనకు కొరత లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో మీ ఊళ్లోని ఏ లేత్ షాపులోనో పాత బుష్, పాత కీలు బోల్టు ముందు పెడితే చేసి ఇస్తారు. బోల్టుకు ఈఎన్24 ఉక్కు, బుష్‌కు గన్‌మెటల్ అని చెప్పాలి. అయితే అరిగిపోయిన ముక్క కొలత ఇస్తే అరిగిన కొలతే వస్తుంది. బోల్టు మీద బుష్ తగలని చివర చూడండి, అక్కడ అసలు మందం మిగిలి ఉంటుంది. ఫ్రేమ్‌లో బుష్ కూర్చునే రంధ్రం లోపలి కొలతను వెర్నియర్‌తో కాక మైక్రోమీటర్‌తో తీయించాలి. పదో వంతు మిల్లీమీటరు తేడా కీలు దగ్గర చిన్నదే, కానీ అక్కడి నుంచి అడుగున్నర దూరంలో ఉన్న చక్రం దగ్గరికి చేరేసరికి వంపుల్లో సైకిల్ వెనక భాగం తోక ఊపినట్టు తెలుస్తుంది.

షాకబ్జర్ దగ్గర రెండు పనులు జరుగుతాయి. స్ప్రింగు, అంటే ఉక్కు చుట్టో, గాలో, దెబ్బను మింగుతుంది. కానీ ఒట్టి స్ప్రింగు మింగినదంతా తిరిగి విసిరేస్తుంది. లోపల సన్నటి రంధ్రాల గుండా నూనె పోయేటప్పుడు ఆ ఊపు వేడిగా మారి సద్దుమణగాలి, అదే డంపింగ్. మన ఊళ్లలో పిల్లలు ముచ్చటపడి కొనిపించుకునే చవక రకం డబుల్ షాకబ్జర్ సైకిళ్ల ఆకారం ఆ 1990ల సైకిళ్ల నుంచి వచ్చిందే, కానీ వాటిలో చాలా వాటికి స్ప్రింగే తప్ప నూనె ఉండదు. గతుకు దాటాక ఎగిరెగిరి పడేది అందుకే.

పాత షాకబ్జర్ బాగుకాకపోతే బదులు వెతకాలి. దానికి రెండు కొలతలు తప్పనిసరి: ఒక చెవి మధ్య నుంచి రెండో చెవి మధ్యకు పొడవు, లోపలికి ఎంత దిగుతుందన్న స్ట్రోక్. మిల్లీమీటర్లలో 165 పొడవు, 38 స్ట్రోక్ అలాంటి ఒక జత. పొడవు ఎక్కువైతే సైకిల్ వెనక లేచి ముందుకు ఒరుగుతుంది. స్ట్రోక్ ఎక్కువైతే స్వింగార్మ్ పైకి వచ్చి ఫ్రేమ్‌ను కొడుతుంది. ఇప్పటి కొత్త కొలతలు వేరు కాబట్టి, పాత కొలతలో వచ్చినదే చూసుకోవాలి.

స్ప్రింగు ఎంపికకు ఒక లెక్క ఉంది, చేసి చూపిస్తాను. వెనక చక్రం మొత్తం 95 మిల్లీమీటర్లు కదిలే సైకిల్‌లో షాకబ్జర్ కదిలేది 38 మాత్రమే అనుకుందాం. నిష్పత్తి రెండున్నర. అంటే చక్రం మీద పడ్డ బరువు షాకబ్జర్ దగ్గర రెండున్నర రెట్లు అవుతుంది. నడిపే మనిషి 70 కిలోలైతే కూర్చున్నప్పుడు వెనక పడేది సుమారు 60 శాతం, 42 కిలోలు. షాకబ్జర్‌కు తెలిసేది 105 కిలోలు. మనిషి ఊరికే కూర్చుంటే స్ట్రోక్‌లో పావు వంతు దిగాలన్నది మంచి ప్రమాణం, ఇక్కడ 9.5 మిల్లీమీటర్లు. 105ను 9.5తో భాగిస్తే మిల్లీమీటరుకు 11 కిలోల స్ప్రింగు కావాలి. స్ప్రింగుల మీద పౌండ్లు, అంగుళాల్లో రాస్తారు కాబట్టి 56తో గుణించాలి. 616 వస్తుంది. 600 అని రాసి ఉన్న స్ప్రింగు తెచ్చుకోవచ్చు. ఆ కాలంలో నిష్పత్తి మూడుకు పైగా ఉన్న సైకిళ్లూ వచ్చాయి. వాటి స్ప్రింగులు మరీ గట్టిగా ఉండాల్సి వచ్చేది, అందుకే కీళ్లూ చెవులూ త్వరగా అరిగేవి.

గాలి షాకబ్జర్ విప్పే ముందు గాలి మొత్తం తీసేయాలి. గాలి తీసినా తిరిగి పొడవు కాకుండా కిందికి దిగిపోయి ఉండిపోతే దాన్ని అసలు తాకొద్దు. లోపల వేరే గదిలో ఒత్తిడి చిక్కుకుని ఉంటుంది, విప్పితే ముఖం మీదికి ఎగురుతుంది. గాలి గది రబ్బరు సీళ్లు ఇంట్లో మార్చుకోవచ్చు. నైట్రోజన్ నింపిన నూనె భాగం మాత్రం సర్వీసు చేసేవాళ్లకే ఇవ్వాలి.

ముందు ఫోర్క్‌లో మరో రకం సమస్య. ఆ రోజుల్లో స్ప్రింగులకు బదులు ఎలాస్టోమర్ అనే యురేథేన్ ముద్దలను దొంతరగా పేర్చేవారు. తేలిక, చవక. చలికి గట్టిపడేవి, ఏళ్లు గడిచాక పొడి రాలేవి, లేదా బంకలా కరిగిపోయేవి. పాత ఫోర్క్ తెరిస్తే లోపల జిగట ముద్ద కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. దాన్నంతా గీకి శుభ్రం చేసి, అదే కొలతకు ఉక్కు స్ప్రింగు వేయడం ఇప్పటికి మంచి పరిష్కారం. మరీ పోయిన ఫోర్క్‌కు బదులు కొత్తది పెట్టాలని చూస్తే పొడవు చూసుకోవాలి. అప్పటి ఫోర్కుల కదలిక 60 నుంచి 80 మిల్లీమీటర్లు. 120 కదిలేది తెచ్చి పెడితే ముందు భాగం లేచి, హెడ్ ట్యూబు వాలు సుమారు రెండు మూడు డిగ్రీలు మారిపోతుంది. ఆ ఫ్రేమ్‌ను అంత పొడవాటి ఫోర్క్ కోసం చేయలేదు, కాబట్టి హెడ్ ట్యూబు దగ్గర భారం కూడా పెరుగుతుంది.

మిగతా సామాన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గేరు మీట నొక్కితే ఊరికే జారిపోతుంటే పారేయకండి. లోపలి గ్రీజు మైనంలా గట్టిపడి బుల్లి కొక్కేలు కదలడం లేదంతే. గ్రీజు కరిగించే స్ప్రే కొట్టి, మీటను పదేపదే నొక్కుతూ, మురికి కారిపోయాక పల్చటి నూనె వేస్తే చాలావరకు ప్రాణం పోసుకుంటుంది. 26 అంగుళాల టైర్లు మన దగ్గర ఇంకా మామూలుగానే దొరుకుతున్నాయి. బ్రేకుల్లో ఒక్క జాగ్రత్త: 1996 ప్రాంతంలో వి-బ్రేకులు వచ్చాయి, వాటి లీవరు వైరును ఎక్కువ పొడవు లాగుతుంది. అంతకుముందు కాలపు కాంటిలీవర్ బ్రేకు లీవరును వి-బ్రేకుకు కలిపితే పట్టు సరిగా రాదు. హ్యాండిల్ రాడ్డు మాత్రం ఎంత బాగున్నా పాతది వాడొద్దు. అల్యూమినియం అలసట గురించి పైన చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది, పైగా ఇది విరిగితే పళ్లు మిగలవు. ఒరిజినల్ ముక్క మీద మమకారం ఉంటే అల్మారాలో దాచుకోండి.

ఇప్పుడు రంగు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఫ్యాక్టరీ రంగు సగం మిగిలి ఉన్నా దాన్నే ఉంచేయాలి. కొత్త రంగు మళ్లీ ఎప్పుడైనా వేసుకోవచ్చు, అసలు రంగు ఒకసారి పోతే రాదు. తప్పనిసరై వేయించాల్సి వస్తే, తీసే ముందు ప్రతి స్టిక్కరునూ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోవాలి. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కార్బన్ ఫ్రేములూ, జిగురుతో అతికించిన ఫ్రేములూ ఆ వేడికి తట్టుకోవు.

అన్నీ బిగించాక ప్రతి కీలు బోల్టు తల మీద నుంచి ఫ్రేమ్ మీదికి పెయింట్ పెన్నుతో ఒక సన్నగీత గీయండి. బోల్టు మరలకు నీలం రంగు థ్రెడ్ లాకర్ రాసి ఉండాలి. మొదటి సవారీ చదును రోడ్డు మీద, ఇంటికి దగ్గరలోనే చాలు. తిరిగి వచ్చాక గీతలన్నీ చూడండి. ఏ గీతైనా విరిగి పక్కకు జరిగిందంటే ఆ బోల్టు వదులవుతోందని అర్థం. దాన్ని విప్పి, మరలు శుభ్రం చేసి, మళ్లీ లాకర్ రాసి బిగించి, ఇంకోసారి తిప్పి చూడాలి. గీతలు కదలకుండా ఉన్నాకే మట్టి దారి పట్టండి.